సమాన పనికి సమాన కూలి: కోర్టు తీర్పుల నుంచి మనము నేర్వవలసిన పాఠము



అర్జీలు వ్రాయించుకొనుటకు మన సంఘము ఆఫీసుకు వచ్చేవారి నోట తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: "పని ఒకటే అన్నా, పగారు వేరు." కొన్నాళ్ల క్రిందట కండెలు చుట్టే చెల్లెలు ఒకామె వచ్చినది. ఆమె పనిచేసే కార్ఖానాలో అదే కండెల మిషను మీద ఒక కుర్రవాడు కొత్తగా చేరినాడు. వారము తిరిగేసరికి ఆమె కన్న అతని చేతికి ఎక్కువ ముట్టినది. ఇదేమని అడిగితే, "వాడు మగపిల్లవాడు, ఇల్లు నడుపుకోవలె" అని జవాబు వచ్చినదట. ఈ చెల్లెలి ఇల్లు నడిపేది కూడా ఈమెయే.

"అన్నా, దీనికి కోర్టు ఉన్నదా?" అని అడిగినది.

"కూలి ఇచ్చినట్లు చీటి ఏమైనా ఉన్నదా?" అన్నాను. లేదన్నది. "హాజరు పుస్తకములో నీ పేరున్నదా?" తెలియదన్నది. "ఎన్నేండ్ల నుంచి చేస్తున్నావు?" అంటే, "మా పెద్దపిల్ల పుట్టినప్పటి నుంచి" అన్నది.

ఆనాడు నేను చెప్పినది సగము జవాబే. మిగిలిన సగము కొరకు చట్టములను, తీర్పులను చదివి ఈ పాఠము వ్రాస్తున్నాను. పద్మనగర్‌లో సాంచా నడిపేవారికి, నడిపించేవారికి ఇద్దరికీ ఇది పనికివచ్చేదే.

వివక్ష అనగా ఏమి?

కూలిలో కనిపించే ప్రతి తేడా వివక్ష కాదు. నాలుగు సాంచాలు చూసేవాని కన్న ఆరు సాంచాలు చూసేవానికి ఎక్కువ రావడము న్యాయమే. జాబర్ చేతిలో మెకానిక్కు పనితనమున్నది కనుక అతని పగారు వేరు. మీటరు లెక్కన కూలి కట్టే చోట ఎక్కువ గుడ్డ దించినవానికి ఎక్కువ ముట్టుతుంది. వీటి మీద కోర్టుకు పోయి లాభము లేదు.

పని ఒకటే, పనితనము ఒకటే, బాధ్యత ఒకటే అయినప్పుడు, పనితో సంబంధము లేని కారణము చేత ఒకరికి తక్కువ చేయడమే వివక్ష. ఆడది కనుక, ఫలానా కులమువాడు కనుక, సంఘములో చేరినాడు కనుక, గర్భవతి అయినది కనుక అనే మాటలు ఆ కారణములు. కోర్టు మొట్టమొదట అడిగే ప్రశ్న, "తేడా ఉన్నదా?" అని కాదు, "ఈ తేడాకు కారణమేమి?" అని.

బొంబాయిలో ఒక స్టెనోగ్రాఫరు కేసు

ఈ విషయములో ప్రతి కార్మికుడు తెలుసుకోవలసిన కేసు మనకు దాపుననే, బొంబాయిలో జరిగినది. మాకినన్ మెకంజీ అనే ఓడల కంపెనీలో ఆడ్రీ డికోస్టా అనే ఆమె స్టెనోగ్రాఫరు. ఆ కంపెనీలో పెద్ద అధికారుల దగ్గర పనిచేసే ఆడవారిని "కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు" అని వేరే పేరుతో పిలిచేవారు. వారికి జీతము మగ స్టెనోగ్రాఫర్ల కన్న తక్కువ. 1977లో ఆమె ఉద్యోగము పోయినది. అంతకుముందే, అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో, సమాన వేతనము కొరకు కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 1976లో అది చట్టమైనది. ఆ చట్టము క్రింద తనకు రావలసిన బాకీ జీతము కొరకు ఆమె అర్జీ పెట్టినది.

మొదటి అధికారి ఆమె అర్జీని త్రోసివేసినాడు. అప్పీలులో ఆమె గెలిచినది. కంపెనీ హైకోర్టుకు పోయి ఓడినది. మరల సుప్రీంకోర్టుకు పోయినది. 1987 మార్చి 26న జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య గారి ధర్మాసనము అక్కడ కూడా కంపెనీ వాదమును కాదన్నది.

ఈ తీర్పులో మనకు పనికివచ్చే సంగతులు నాలుగున్నవి.

మొదటిది: పనికి పెట్టిన పేరును చూడరాదు, నిజముగా చేసే పనిని చూడవలెను. చిన్నచిన్న తేడాలను పట్టుకొని రెండు పనులు వేరని చెప్పుట చెల్లదు. "ఆమెది హెల్పరు పని, అతనిది ఆపరేటరు పని" అని పుస్తకములో వ్రాసుకున్నా, ఇద్దరూ అదే మిషను ముందు నిలబడి అవే కండెలు చుట్టుతుంటే ఆ వ్రాత నిలువదు.

రెండవది: యూనియనుతో ఒప్పందము అయినది కదా అని కంపెనీ వాదించినది. చట్టమునకు విరుద్ధమైన ఒప్పందము ఎవరు చేసుకున్నా చెల్లదని కోర్టు చెప్పినది. కాబట్టి "మీ పెద్దమనుషులే ఈ రేటుకు ఒప్పుకున్నారు" అనే మాట ఇక్కడ అడ్డు కాదు.

మూడవది: తమకు ఇచ్చుకునే స్తోమత లేదని కంపెనీ చెప్పుకున్నది. యజమాని స్తోమతను బట్టి ఈ చట్టము అమలు కాదని కోర్టు తేల్చినది.

నాలుగవది చేదైనది. ఉద్యోగము పోయినది 1977లో, చివరి తీర్పు 1987లో. పది సంవత్సరములు! ఆమె గెలిచినది, కాని గెలుపుకు పట్టిన కాలమును మనము మరువరాదు. ఈ పాఠములో కాగితముల గురించి నేను అంతగా చెప్పబోయేది ఇందుకే. కాగితము బలముగా ఉంటే చాలా తగాదాలు లేబరు ఆఫీసులోనే తీరుతాయి.

బొంబాయి ప్రాంతపు మరొక తీర్పు కూడా గుర్తుంచుకోదగినది. మొదటి గర్భము రాగానే విమానములలో పనిచేసే ఎయిర్‌హోస్టెసులను ఉద్యోగము నుంచి తీసివేయవచ్చుననే ఎయిర్ ఇండియా నిబంధనను 1981లో సుప్రీంకోర్టు కొట్టివేసినది.

ఇతర దేశములలోనూ కథ ఇట్లే నడిచినది. 1968లో ఇంగ్లండు డాగెన్‌హామ్‌లోని ఫోర్డు కార్ల కార్ఖానాలో సీటు కవర్లు కుట్టే ఆడవారు తమ కుట్టుపనిని నైపుణ్యము తక్కువ పనిగా లెక్కకట్టినారని సమ్మె చేసినారు. కవర్లు లేక కార్లు ఆగిపోయినవి. దాని ఫలితముగా 1970లో ఆ దేశములో సమాన వేతన చట్టము వచ్చినది. అయినా తమ పనికి సరియైన గ్రేడు సంపాదించుకొనుటకు ఆ కుట్టుపని ఆడవారికి 1984 దాకా పట్టినది.

మన నేతపనిలోనే జరిగిన అన్యాయము

ఇంతవరకు ఇతరుల మాట. ఇప్పుడు మన మగ్గము మాట చెప్పుకోవలెను.

మన పెద్దలలో ఎందరో బొంబాయి మిల్లుల నేత ఖాతాలలో పనిచేసినారు. ఆ రోజులలో నేత ఖాతాలో కూలి ఎక్కువ. అస్పృశ్యులుగా చూడబడిన కులముల వారికి స్పిన్నింగు ఖాతాలలో పని దొరికేది కాని, నేత ఖాతాలోకి రానిచ్చేవారు కాదు. కారణము మనకు తెలిసినదే: ఆ కాలపు నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు పేక కొసను నాడె కంటిలో నుంచి నోటితో పీల్చి బయటికి తీయవలెను. ఒకరు నోరు పెట్టిన నాడెను మరొకరు నోట పెట్టుకోవలసి వస్తుంది గనుక, వారు వస్తే మేము పని చేయమని మిగిలిన నేతగాండ్లు అడ్డుపడినారు.

1928లో బొంబాయి మిల్లులలో పెద్ద సమ్మె జరిగినది. కార్మిక నాయకుల కోరికల జాబితాలో నేత ఖాతాలో అందరికీ ప్రవేశము అనే కోరిక కూడా ఉండవలెనని డాక్టర్ అంబేద్కర్ గారు పట్టుబట్టినారు. యజమాని చేసే అన్యాయము మీద సమ్మె చేసేవాడు తాను తోటివానికి చేసే అన్యాయమును దాచిపెట్టరాదని ఆయన వాదము. ఆ మాటకు జవాబు చెప్పుట నాటి నాయకులకు కష్టమైనది.

నోటితో పీల్చే నాడె పోయినది. ఆనాటి బుద్ధి పూర్తిగా పోయినదా అని ఎవరి కార్ఖానాలో వారు చూసుకోవలెను.

చట్టము నేడు ఎట్లున్నది?

1976 నాటి సమాన వేతన చట్టము, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము మొదలైన పాత చట్టముల స్థానములో నాలుగు కొత్త లేబరు కోడ్లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చినవి. పేరు మారినది కాని హక్కు పోలేదు. మనకు ముఖ్యమైనవి ఇవి.

కూలి విషయము: 2019 నాటి వేతనముల కోడు ప్రకారము ఒకే యజమాని దగ్గర ఒకే పని, లేక ఒకే తీరు పని చేసేవారి మధ్య ఆడ మగ తేడాతో కూలి తగ్గించరాదు. పనిలోకి తీసుకొనేటప్పుడు, పని షరతులలో కూడా ఆ తేడా పనికిరాదు. సమానము చేసే నెపముతో ఎక్కువ వచ్చేవాని కూలిని తగ్గించుట కూడా నిషేధమే. ఇంతమంది ఉంటేనే వర్తిస్తుందనే లెక్క దీనికి లేదు. పది సాంచాల షెడ్డుకైనా ఇది చట్టమే.

కనీస కూలి విషయము: మీటరు లెక్కన, కండెల లెక్కన కూలి తీసుకొనేవారికి కూడా కనీస వేతనపు హక్కున్నది. కనీస కూలి కన్న తక్కువకు పని చేయించుకొనుట వెట్టిచాకిరీ వంటిదేనని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

సంఘములో చేరిన విషయము: సంఘములో చేరినందుకు కక్షతో పని నుంచి తీసివేయడము, పనితనము చూడక ఒక వర్గము వారికే పక్షపాతము చూపడము అన్యాయపు పద్ధతులని 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడు పట్టిక వేసి చెప్పినది.

ఆడవారి గౌరవము విషయము: పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టము వచ్చినది. 1997 నాటి విశాఖ కేసు తీర్పు దీనికి మూలము. విశాఖ అనేది ఒక సంస్థ పేరు, మన విశాఖపట్నము కాదు. పదిమంది లోపు ఉన్న చోట కార్ఖానాలో కమిటీ ఉండదు గనుక జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. భివండి థానే జిల్లాలోనిది. వ్రాయరానివారికి వ్రాసిపెట్టే బాధ్యత కూడా చట్టము కమిటీ మీదనే పెట్టినది.

కులము విషయము: అస్పృశ్యత పేరుతో ఒకరిని ఏదైనా పనిలోకి రానీయకపోవడము 1955 నాటి చట్టము క్రింద నేరము. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము దళితులకు, గిరిజనులకు మరింత రక్షణ ఇచ్చినది. మనవంటి వెనుకబడిన కులములవారికి ఈ 1989 చట్టము వర్తించదు.

చట్టము చేయి చాచని చోట్లు

ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట నా విధి. అన్ని వివక్షలకు మన దేశములో ఒకే చట్టము లేదు. ప్రభుత్వము ప్రజల మధ్య తేడా చూపరాదని రాజ్యాంగము చెప్పినది. ప్రైవేటు సేటు "తెలుగువారు వద్దు" అన్నా, "ఉత్తరాది వారు వద్దు" అన్నా నేరుగా ఆ ఒక్క మాట మీద కేసు వేయుటకు దారి ఇరుకు. అటువంటప్పుడు వేరే దారిన పోవలెను. కారణము చూపక తీసివేసినాడని, రావలసిన పగారు ఆపినాడని, కనీస కూలి ఇవ్వలేదని అర్జీ పెట్టుకోవచ్చును.

రెండవ ఇరుకు ఇంకొకటి. పోల్చి చూపుటకు మగవాడు లేని చోట సమాన వేతనపు వాదము నిలువదు. మనలో కండెల పని చాలావరకు ఆడవారే చేస్తారు, కొందరు ఇండ్లలో చేస్తారు. అక్కడ "అతనికి ఎంత, నాకు ఎంత" అనుటకు అతడే ఉండడు. అటువంటివారు కనీస కూలి వాదము మీద నిలబడవలెను. నా దగ్గరకు వచ్చిన చెల్లెలి విషయములో పక్క మిషను మీద కుర్రవాడున్నాడు. ఆమె కేసుకు బలమదే.

కాగితమే సాక్షి

వేతనముల కోడులో కార్మికునికి మేలు చేసే నిబంధన ఒకటున్నది. కూలి తక్కువ ఇచ్చినాడని అర్జీ పెడితే, సరిగా ఇచ్చినానని చూపవలసిన భారము యజమానిదే. అంటే పుస్తకము అతడే తెరవవలెను. కాని నేను అక్కడ పని చేస్తున్నానని మొదట మనము చూపవలెను గదా! భివండిలో కార్మికుడు ఓడిపోయేది ఈ మొదటి మెట్టు మీదనే. కావున ఈ క్రిందివి నేటి నుంచే దాచుకోవలెను.

1. కూలి చీటి. దానిని ఇవ్వడము యజమాని విధి. పదిమంది అంతకు పైబడి ఉన్న చోట నియామకపు పత్రము కూడా ఇవ్వవలెను. అడుగుట తప్పు కాదు.

2. కూలి బ్యాంకులో పడితే పాసుబుక్కు, ఫోనులో పడితే ఆ వివరములు. చేతికి రొక్కము ఇస్తే తేదీ వేసి ఎంత ముట్టినదో నోటుబుక్కులో ఆనాడే వ్రాయవలెను. ఏడాది తరువాత ఒక్కసారి కూర్చుని వ్రాసిన పుస్తకమునకు విలువ తక్కువ.

3. దించిన గుడ్డ మీటర్లు, చుట్టిన కండెల లెక్క, పగటి పాళీయా రాత్రి పాళీయా అన్న సంగతి.

4. బాకీ లెక్క. అడ్వాన్సు ఎంత తీసుకున్నది, వారానికి ఎంత కోసినది వ్రాయవలెను. బాకీ ఉన్నదనే భయముతోనే చాలామంది నోరు మెదపరు. బాకీ వేరు, కూలి హక్కు వేరు.

5. పక్కన పనిచేసే ఇద్దరి పేర్లు. సాక్షి లేని నిజము కోర్టులో కుంటుతూ నడుస్తుంది.

గడువులు

గడువు దాటితే న్యాయమైన అర్జీ కూడా మూల పడుతుంది. కూలి తక్కువైన అర్జీకి మూడు సంవత్సరములు. అధికారి తీర్పు అనుకూలమైతే రావలసిన సొమ్ముతో పాటు దానికి పదింతల వరకు పరిహారము వేయవచ్చును. పని నుంచి తీసివేసిన తగాదాను రాజీ అధికారి ముందుకు రెండు సంవత్సరములలోపు తీసుకుపోవలెను. అక్కడ తీరకపోతే ట్రిబ్యునలుకు పోవచ్చును. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు మూడు మాసములే; సరియైన కారణము చూపితే మరి మూడు మాసముల వరకు పొడిగించవచ్చును.

వకీలుకు డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము ఆడవారికి, పారిశ్రామిక కార్మికులకు, దళితులకు, గిరిజనులకు ఉచితముగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగవచ్చును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. ఒంటరిగా పోవుటకు జంకేవారి తరఫున సంఘము కూడా కూలి అర్జీ పెట్టవచ్చును.

మనమే యజమానులమైన చోట

పద్మనగర్‌లో చాలామంది ఒకనాడు కార్మికులుగా వచ్చి నేడు నాలుగు సాంచాల ఆసాములైనవారే. అన్న కార్ఖానా నడుపుతుంటే తమ్ముడు మరొకరి దగ్గర పాళీ చేసే ఇండ్లున్నవి. కాబట్టి ఈ పాఠము ఒక్క వైపుదే కాదు.

మన షెడ్డులో ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహారు నుంచి వచ్చిన పిల్లలు రాత్రి పాళీ చేస్తున్నారు. మన తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి మూట నెత్తిన పెట్టుకొని వచ్చినప్పుడు ఎట్లు ఉండినారో వీరు నేడు అట్లే ఉన్నారు. అదే సాంచా మీద మనవానికి ఒక రేటు, వారికి ఒక రేటు కడితే, మన చెల్లెలికి జరిగిన అన్యాయమును ఏ నోటితో అడుగగలము?

మరమగ్గాల వ్యాపారములో నూలు ధర పెరిగి, గుడ్డ ధర పడిపోయి ఆసామికి మిగిలేది ఎంతో నాకు తెలియనిది కాదు. అయినా, తీర్పు వచ్చిన తరువాత ఒక్కసారి బాకీ, దాని మీద పరిహారము కట్టడము కన్న, వారము వారము సరిగా కట్టడమే ఆసామికి తేలిక. ఒకే పనికి ఒకే రేటు గోడ మీద వ్రాసి అంటించిన కార్ఖానాలో తగాదాకు తావు తక్కువ.

ఇక ఆ చెల్లెలి మాట. ఆమెకు ఒక నోటుబుక్కు ఇచ్చి పంపినాను. ఆమెకు వ్రాత రాదు; పెద్దపిల్ల ప్రతి శనివారము కూర్చుని వ్రాస్తున్నది. పక్క మిషను కుర్రవాడు అవసరమైతే నిజము చెప్పుతానన్నాడట. అర్జీ ఇంకా పెట్టలేదు. పెట్టే ముందు మరల ఒకసారి సేటునే అడుగుతానని ఆమె అన్నది, అడగమన్నాను. ఈసారి ఆమె వట్టి చేతులతో పోవడము లేదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ కార్ఖానాలో ఒకే పనికి రెండు రేట్లు ఉన్నవా? ఉంటే, కారణము పనితనమా, మరొకటా?

2. పనికి పెట్టిన పేరు వేరైనా పని ఒకటే అని ఎట్లు చూపగలము?

3. మీ ఇంటిలో పనిచేసే ప్రతివారికి కూలి లెక్క వ్రాసిన పుస్తకమున్నదా? లేకపోతే ఈ శనివారము నుంచే మొదలుపెట్టుటకు అడ్డమేమి?